అమ్మ పడకగదిలోకి సిగ్నల్ తెప్పించడానికి పట్టిన నాలుగు నెలలు

గుంటూరులో అమ్మానాన్నలు ఉండేది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, రెండో అంతస్తు. కిందటేడు ఒక రాత్రి నాన్న బాత్రూమ్‌లో జారిపడ్డారు. అమ్మ ఫోన్ తీసి చూస్తే ఒక్క గీతా లేదు. ఆయన్ని నేల మీదే వదిలి, బాల్కనీలోకి పరిగెత్తి అక్కణ్ణుంచి 108కి చేసింది. ఎముకలేమీ విరగలేదు. కానీ "మీ నాన్నను అలా ఒంటరిగా వదిలేసి పోవాల్సి వచ్చిందే అమ్మాయ్" అని అమ్మ అన్న మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నేనుండేది హైదరాబాద్‌లో. ఆ గదిలోకి సిగ్నల్ తెప్పించే దాకా ఊరుకోకూడదనుకున్నాను.

మొబైల్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేశాను. నాలుగో రోజుకి "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చింది. ఇంటికి వచ్చి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వదలకండి. ఫిర్యాదు నంబరు ఉంటే అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు, 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. "సిగ్నల్ రావట్లేదు" అని ఊరికే రాయకుండా అంకెలు కూడా రాశాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ అని వెళ్తే సిగ్నల్ ఎంతుందో డీబీఎంలలో కనిపిస్తుంది. అది సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క, మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బలం. బాల్కనీలో మైనస్ 95, పడకగదిలో మైనస్ 118. పది తేడా అంటే పది రెట్లు, ఇరవై అంటే వంద రెట్లు. ఇరవై మూడు తేడా అంటే లోపలికి వచ్చేసరికి సిగ్నల్ దాదాపు 200 రెట్లు తగ్గిపోతోందన్నమాట. ఈసారి ఇంజినీరు వచ్చాడు.

ఓపికున్న కుర్రాడు. మేడ మీదికి తీసుకెళ్లి చూపించాడు. వెనక వీధిలో ఒక ఇంటి పైన టవరుంది. దాని యాంటెన్నాలు మూడు వైపులకు తిరిగి ఉన్నాయి. మా వైపు తిరిగినదానికి, మాకు మధ్య రెండేళ్ల కిందట ఆరంతస్తుల బిల్డింగు లేచింది. అమ్మ "ఇదివరకు వచ్చేది, ఇప్పుడు రావట్లేదు" అంటే నేను ఫోన్ పాతబడిందనుకున్నాను. ఆవిడ చెప్పిందే నిజం.

"పెద్ద టవర్ వేస్తే పోదా?" అని అడిగాను. హైవే పక్కన నేల మీద నిలబెట్టే ఎత్తు టవర్లు దూరం కోసమని, ఊరి మధ్యలో వాటివల్ల పెద్దగా లాభం లేదని చెప్పాడు. వీధి దీపం స్తంభానికి బిగించే చిన్న సెల్, అంటే బుల్లి టవర్ లాంటిది, ఆ రోడ్డుకు, ఎదురిళ్లకు చాలుతుంది, మూడు గోడల వెనక గదికి చాలదు. మాల్స్‌లో, ఆసుపత్రుల్లో అంతస్తు అంతస్తుకీ కేబుల్ లాగి సీలింగ్‌కు చిన్న యాంటెన్నాలు పెడతారు. మా ఇరవై ఫ్లాట్ల కోసం ఏ కంపెనీ అంత ఖర్చు పెట్టదు. పుష్కరాలకు, మేడారం జాతరకు వచ్చే చక్రాల మీది టవరు ఆ కొద్ది రోజుల జనం కోసం. మాకు పనికొచ్చేది ఎదురు వరుసలో ఏదైనా మేడ మీద రెండు మూడు పోల్స్ నిలబెట్టి యాంటెన్నాలు బిగించే చిన్న సైటు. మా మేడ మీదే పెడితే? మాకే తక్కువ అందుతుందట. యాంటెన్నా సిగ్నల్‌ను ఎదురుగా విసురుతుంది, తన కాళ్ల కిందికి పెద్దగా పంపదు.

అదే రోజు రెండు మంచి పనులు చేశాడు. అమ్మ ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేశాడు, అంటే టవర్ సిగ్నల్ లేకున్నా ఇంట్లో వైఫై మీదే కాల్ వెళ్తుంది. కరెంటు పోతే అదీ పోతుందని రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనమన్నాడు. ఇక నేను అప్పటికే ఒక షాపులో బేరమాడి పెట్టుకున్న సిగ్నల్ బూస్టర్‌ను కొనొద్దన్నాడు. లైసెన్సు లేని బూస్టర్ పెట్టుకోవడం నేరం, పైగా చుట్టుపక్కల వాళ్ల కాల్స్ దెబ్బతింటాయి.

తమ మేడ మీద ఆ సైటు పెట్టనివ్వమని ఎదురు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. మీటింగ్‌లో ఒక పెద్దాయన లేచి, "2011లోనే క్యాన్సర్ రావచ్చన్నారు కదమ్మా" అన్నారు. ఆయన భయాన్ని నేను కొట్టిపారేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ ఏడాది ఫోన్లు, టవర్లు పంపే రేడియో తరంగాలను "అవకాశం ఉండొచ్చు" అనే వర్గంలో పెట్టిన మాట నిజమే. అయితే దానికి ముఖ్య ఆధారం ఫోన్‌ను చెవికి ఆనించి ఎక్కువగా మాట్లాడినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోటే ఫోన్ తన శక్తినంతా పెట్టి అరుస్తుంది, అదీ మన చెవి పక్కనే. మన దేశంలో టవర్ల నుంచి వచ్చే తరంగాల పరిమితిని 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారని కూడా చెప్పాను. ఆయన "కాగితం మీద కాదమ్మా, కొలిచి చూపించు" అన్నారు. న్యాయమైన మాట.

టెలికాం శాఖకు తరంగ్ సంచార్ అనే పోర్టల్ ఉంది. మన వీధి పెట్టి వెతికితే దగ్గర్లో ఏ టవర్లున్నాయో, నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో కనిపిస్తుంది. 4,000 రూపాయలు కడితే అధికారులే వచ్చి కొలుస్తారు. వెనక వీధి టవర్‌కు కట్టాను. వాళ్లు మీటరు పట్టుకుని కొలుస్తుంటే ఆ పెద్దాయన పక్కనే నిలబడి ప్రతి అంకె డైరీలో రాసుకున్నారు. పరిమితికి చాలా దిగువనే ఉంది. తర్వాతి మీటింగ్‌లో ముందు చెయ్యెత్తింది ఆయనే. మేడ ఆ బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటి మాత్రం గట్టిగా అడిగారు, అది అడగాల్సిందే.

పోల్స్ నిలబెట్టి సైటు ఆన్ చేసేసరికి నాలుగు నెలలు పూర్తయ్యాయి. ఇప్పుడు అమ్మ పడకగదిలో మైనస్ 93. మొదటి రోజు మంచం మీద పడుకునే నాకు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా కాసేపు నవ్వింది.

సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉండే గదికి మాత్రం ఇంకా అందలేదు. పైన అంత కాంక్రీటు. వాళ్లకు ఇద్దరు చిన్నపిల్లలు. అక్కడికి వైఫై లాగి, వాళ్ల ఫోన్‌లోనూ వైఫై కాలింగ్ పెట్టించాలని అసోసియేషన్‌కు ఉత్తరం రాశాను. ఆదివారం మీటింగ్‌కు నేనే గుంటూరు వెళ్తున్నాను.