రొయ్యలు పోయే రేవు, యంత్రాలు దిగే రేవు

గత నెలలో ఒక మంగళవారం నా బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కనే పడ్డాయి. మొదటిది షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి సరుకుకు కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం: ఒలిచి, తోక ఉంచి, గడ్డకట్టించిన వనామీ రకం రొయ్యలు, 40 అడుగుల రీఫర్ (శీతల) కంటైనర్ ఒకటి, అమెరికాకు. రెండోది బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకుకు దాఖలు చేసే పత్రం: రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే ఏరేటర్ల విడిభాగాలు, చైనా నుంచి. ఎగుమతిదారుదీ దిగుమతిదారుదీ ఒకటే జిల్లా, పశ్చిమ గోదావరి. విశాఖపట్నంలో కస్టమ్స్ క్లియరింగ్ పనిలో 26 ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఇలాంటి కాగితాలు నాకు కొత్తేమీ కాదు. అయితే మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఆ రెండింటినీ చూసి, "చైనాతో మనకు ఏడాదికి 9,900 కోట్ల డాలర్ల లోటట కదా గురువుగారూ, వాళ్ల దగ్గర కొనడం మానేస్తే సరిపోదా?" అని అడిగాడు. "ముందు ఆ బిల్లు చదవవయ్యా" అని అప్పటికి తప్పించుకున్నాను గానీ, వాడికి చెప్పవలసిన జవాబు ఆ రోజంతా మనసులో తిరుగుతూనే ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

వాడు చెప్పిన అంకె తప్పు కాదు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో మనం చైనాకు అమ్మింది సుమారు 1,425 కోట్ల డాలర్ల సరుకు, కొన్నది 11,300 కోట్ల డాలర్లకు పైమాటే. మొత్తం ప్రపంచంతో చూసుకున్నా తేడా అలాగే ఉంటుంది. 2024లో చైనా సరుకుల ఎగుమతులు సుమారు 3.58 లక్షల కోట్ల డాలర్లు. దిగుమతులు పోగా మిగిలిన మిగులే 99,000 కోట్ల డాలర్ల పైచిలుకు. మన సరుకుల ఎగుమతులు 2024-25లో సుమారు 43,700 కోట్ల డాలర్లు, దిగుమతులు 72,000 కోట్ల డాలర్లు. అంటే వాళ్లు అమ్మే సరుకులో మనది ఎనిమిదో వంతు. పైగా వాళ్లకు మిగులు, మనకు లోటు. జనాభా ఇంచుమించు సమానమైన రెండు దేశాల మధ్య ఇంత అంతరం ఎలా వచ్చిందన్నది అడగవలసిన ప్రశ్నే.

ఈ అంతరం అనాదిగా ఉన్నదేమీ కాదు. 1978లో చైనా ఎగుమతులు వెయ్యి కోట్ల డాలర్లకు లోపే ఉండేవి, మనవి 700 కోట్ల దరిదాపుల్లో ఉండేవి. 1990 నాటికి వాళ్లు 6,200 కోట్లకు చేరుకోగా మనం 1,800 కోట్ల దగ్గర ఉన్నాం. ఆ పన్నెండేళ్లలోనే దారులు విడిపోయాయి. విచిత్రమేమిటంటే, ఎగుమతుల కోసం ప్రత్యేకంగా ఒక ప్రాంతాన్ని కేటాయించి, సుంకాలు లేకుండా ముడిసరుకు తెచ్చుకోనిచ్చే పద్ధతిని ఆసియాలో మొదట పెట్టింది మనమే, 1965లో గుజరాత్‌లోని కాండ్లాలో. చైనా షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించింది 1980లో. అయితే కాండ్లా కంచె వేసిన ఒక ఆవరణ మాత్రమే. షెన్‌జెన్ మండలి 327 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల, పక్కనే హాంకాంగ్, ఆ హాంకాంగ్ నుంచి వచ్చే పెట్టుబడి, కొనుగోలుదారులు, ఓడలు. మన కాండ్లాకు పన్ను రాయితీ దొరికింది గానీ పొరుగు దొరకలేదు. విశాఖలో మా దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలి సంగతీ ఇంతే: లోపల కొన్ని మంచి ఫ్యాక్టరీలు ఉన్నాయి, గేటు దాటితే మళ్లీ మామూలు కూర్మన్నపాలెం రోడ్డే.

ముడిసరుకు ఎగుమతి చేయడం వేరు, దాన్ని మార్చి అమ్మే వర్తకం వేరు అన్న సంగతి నాకు మొదట అర్థమైంది మా నాన్నగారి చొక్కా వల్ల. ఆయన పోర్టులో ఖనిజం దింపే విభాగంలో పనిచేసేవారు. రైలు వ్యాగన్లను బోర్లించి ఖనిజం దింపే యంత్రం, వ్యాగన్ టిప్లర్ దగ్గర డ్యూటీ పడ్డ రోజు ఇంటికొస్తే చొక్కా కాలరు నుంచి చెవుల వెనక దాకా ఇటుకరంగు ధూళి పట్టి ఉండేది; అమ్మ ఆ బట్టల్ని వేరే బకెట్లో నానబెట్టేది, మూడు నీళ్లు మార్చినా నాలుగో నీరు ఎర్రగానే దిగేది. విశాఖ పోర్టు 1933లో తెరుచుకున్నప్పుడు మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని బయటికి పంపడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. 1960ల్లో కిరండూల్-కొత్తవలస రైలుమార్గం వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి. అంతకంటే పెద్ద ఓడలు పట్టడానికే 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. జపాన్ ఆ ఖనిజంతో ఉక్కు చేసుకుంది, ఆ ఉక్కుతో కార్లూ ఓడలూ చేసుకుంది. తరవాత ఆ కొనుగోలుదారు స్థానంలోకి చైనా వచ్చింది. 2009-10 ప్రాంతంలో దేశం నుంచి ఏటా 11 కోట్ల టన్నులకు పైగా ఇనుప ఖనిజం బయటికి పోయింది, అందులో అత్యధిక భాగం చైనాకే. ఆ తరవాత కర్ణాటక, గోవాల్లో తవ్వకాలపై నిషేధాలు, 2011 డిసెంబరులో 30 శాతానికి పెంచిన ఎగుమతి సుంకం ఆ ప్రవాహాన్ని బాగా తగ్గించాయి.

ఆ ఖనిజం కథకు రెండో సగం ఇప్పుడు నడుస్తోంది. చైనా ఏటా 100 కోట్ల టన్నులకు పైగా ఇనుప ఖనిజం దిగుమతి చేసుకుంటుంది, ముఖ్యంగా ఆస్ట్రేలియా, బ్రెజిల్ నుంచి. ఇంచుమించు 100 కోట్ల టన్నుల ఉక్కు చేస్తుంది. సొంత దేశంలో ఇళ్ల నిర్మాణం మందగించాక, 2024లో 11 కోట్ల టన్నుల ఉక్కును బయటి దేశాలకు తోసింది. 2023-24లో మనం అమ్మిన తయారు ఉక్కు కంటే కొన్న ఉక్కే ఎక్కువైంది; 2025 ఏప్రిల్‌లో కేంద్రం కొన్ని రకాల ఉక్కు మీద 12 శాతం రక్షణ సుంకం వేయవలసి వచ్చింది. ఖనిజం ఉన్న దేశం ఉక్కు నుంచి రక్షణ కోరుకుంటోంది. ఖనిజాన్ని కొని తెచ్చుకునే దేశం ఉక్కు అమ్ముతోంది. విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేకపోవడం, ఉక్కు తయారీకి కావలసిన కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి ఓడల మీద రావడం ఈ ఊళ్లో అందరికీ తెలిసిన బాధే, దాన్ని మళ్లీ తవ్వను.

నా దృష్టిలో రెండు దేశాల మధ్య అసలు తేడా ఇక్కడ ఉంది. చైనా అమ్మడానికి కొంటుంది. మనం ఎక్కువగా వాడుకోవడానికి కొంటాం. ఒకప్పుడు చైనా ఎగుమతుల్లో దాదాపు సగం, బయటి దేశాల భాగాల్ని సుంకం లేకుండా తెచ్చి, కూర్చి, మళ్లీ బయటికి పంపినవే. 2009లో ఒక ఐఫోన్‌ను విడదీసి లెక్కగట్టిన ఒక అధ్యయనం ప్రకారం, సుమారు 179 డాలర్ల తయారీ ఖర్చులో చైనాలో జరిగిన కూర్పు పనికి దక్కింది ఆరున్నర డాలర్లే. మిగతాదంతా జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా వంటి దేశాల భాగాలది. ఆ ఆరున్నర డాలర్లను చూసి నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ పని చుట్టూ స్క్రూలు చేసేవాడు, అచ్చులు పోసేవాడు, అద్దం కోసేవాడు ఒక్కొక్కరుగా చేరారు. కొన్నేళ్లకు భాగాలు కూడా అక్కడే తయారవడం మొదలైంది. 2001 డిసెంబరు 11న ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరేనాటికే ఆ పొరుగుకు పునాది వాళ్లకు సిద్ధంగా ఉంది. మనం ఆ సంస్థలో 1995 నుంచి, అంతకుముందున్న గాట్ ఒప్పందంలో 1948 నుంచి సభ్యులం. సభ్యత్వం ఒక్కటే సరుకును ఓడ ఎక్కించదు.

తెచ్చి, మార్చి, పంపే వర్తకం మనకు లేదనడం మాత్రం అన్యాయం. అవసరమైన ముడి చమురులో 85 శాతానికి పైగా కొంటాం, దాన్ని శుద్ధి చేసి డీజిలు, పెట్రోలు అమ్ముతాం; పెట్రోలియం ఉత్పత్తులు మన అతిపెద్ద ఎగుమతుల్లో ఒకటి. ముడి వజ్రాలు తెచ్చి సూరత్‌లో సానబట్టి పంపుతాం. అయితే రిఫైనరీలో పెట్టుబడి ఎక్కువ, చేతులు తక్కువ. చేతులు ఎక్కువ పట్టే పని మనకు ఆలస్యంగా మొదలైంది: 2024-25లో మన స్మార్ట్‌ఫోన్ల ఎగుమతులు సుమారు 2,400 కోట్ల డాలర్లకు చేరాయి. ఆ ఫోన్లలోని భాగాల్లో పెద్ద వాటా చైనా నుంచే వస్తోంది కాబట్టి, ఫోన్ల ఎగుమతి పెరిగితే చైనాతో లోటు కూడా పెరుగుతుంది. దీన్ని ఓటమి అంటూ రాసేవాళ్ల వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఆ ఆరున్నర డాలర్లు గుర్తొస్తాయి.

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీ వైపు వెళితే ఇదే బొమ్మ ఇంకో రంగులో కనిపిస్తుంది. ప్రపంచానికి మందులు అమ్మే దేశం మనది. ఆ మందుల్లో వాడే ముడి ఔషధాల దిగుమతుల్లో సుమారు 70 శాతం చైనా నుంచి. 2020లో కోవిడ్ మొదలైన నెలల్లో అక్కడి ఫ్యాక్టరీలు ఆగిపోతే, ఇక్కడ ఫోన్ల మీద ఫోన్లు: ముడి ఔషధాల డ్రమ్ములు ఎక్కడున్నాయి, ఓడ బయల్దేరిందా లేదా అని. ఆ ఏడాదే కేంద్రం ముడి ఔషధాల తయారీకి ప్రోత్సాహక పథకం తెచ్చింది. 2025 జనవరిలో నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన జరిగింది.

సేవల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది, దీన్ని వదిలేసి రెండు దేశాలనూ పోల్చేవాళ్ల మాట నేను నమ్మను. 2024-25లో మన సేవల ఎగుమతులు సుమారు 38,700 కోట్ల డాలర్లు, సరుకుల ఎగుమతులకు పెద్దగా తీసిపోవు. చైనాకు సేవల్లో లోటే. వాళ్ల పర్యాటకులు, విద్యార్థులు విదేశాల్లో పెట్టే ఖర్చు దానికి పెద్ద కారణం. సరుకుల్లో మనకొచ్చే లోటును సాఫ్ట్‌వేర్ ఆదాయం, గల్ఫ్ నుంచీ అమెరికా నుంచీ మనవాళ్లు పంపే డబ్బు కలిసి చాలామటుకు పూడుస్తున్నాయి కాబట్టే, అంత లోటున్నా 1991 నాటి విదేశీ మారకద్రవ్యపు కటకట మళ్లీ రాలేదు. ఇందులో నాకు కనిపించే లోపం ఒకటే: రుషికొండ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం ఇంజినీరింగ్ చదివిన పిల్లలకే దొరుకుతుంది. పదో తరగతితో ఆగిన పిల్లకు షెన్‌జెన్‌లో బొమ్మల ఫ్యాక్టరీ ఇచ్చిన పని, ఇక్కడ రొయ్యలు ఒలిచే షెడ్డు మాత్రమే ఇస్తోంది.

మిగులున్న దేశం సుఖంగా ఉందనుకోవడానికీ లేదు. చైనాలో కుటుంబాల వినియోగం జాతీయోత్పత్తిలో 40 శాతం ప్రాంతంలో ఉంటుంది, మన దగ్గర 60 శాతం. ఇంట్లో కొనేవాడు చాలక బయటి కొనేవాడి మీద ఆధారపడే దేశానికి, ఆ బయటివాడు సుంకం పెంచిన రోజు నిద్రపట్టదు. ఆ భయం మాకూ తెలిసొచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని రెండు విడతల్లో 50 శాతానికి చేర్చినప్పుడు, రెండో విడత అమలయ్యే ఆగస్టు 27 లోపు గడప దాటించాలని ఎగుమతిదారులు పడ్డ హడావిడి నాకింకా గుర్తు. మేం బుక్ చేసిన ఒక కంటైనర్ మధ్యలో ఓడ మారవలసిన రేవులో 11 రోజులు నిలిచిపోయింది. ఆ నష్టం ఎవరు భరించాలన్న ఉత్తరాలు నెలల తరబడి నడిచాయి. షాంఘై ఒక్క రేవు 2024లో 5 కోట్లకు పైగా 20 అడుగుల కంటైనర్ల పని చేసింది. మన దేశంలో రేవులన్నీ కలిపినా అందులో సగానికి చేరవు. ఓడ మన కోసం ఆగడానికీ, మనం ఓడ కోసం ఆగడానికీ ఉన్న తేడా ఇది.

ఇక కుర్రాడి ప్రశ్న. మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి రెండు కాగితాలూ మళ్లీ చదివించాను. రొయ్యల షిప్పింగ్ బిల్లులో ఉన్న వనామీ అసలు మన రొయ్యే కాదు; పసిఫిక్ తీరపు అమెరికా ఖండాలది. 2009లో దాని సాగుకు అనుమతి వచ్చాక, తెల్లమచ్చ రోగంతో చితికిపోయిన టైగర్ రొయ్యను అది పక్కకు నెట్టింది. తల్లి రొయ్యలు ఇప్పటికీ చాలావరకు అమెరికా నుంచి విమానంలో వస్తాయి. అవి పెట్టిన గుడ్ల నుంచి మన తీరంలోని హేచరీల్లో సీడు, అంటే రొయ్య పిల్లలు, తయారవుతుంది, భీమవరం చెరువుల్లో పెరుగుతుంది, రాత్రిళ్లు ఆక్సిజన్ పడిపోకుండా ఏరేటర్ దాన్ని కాపాడుతుంది, చివరికి అమెరికాకే పోతుంది. కొంత చైనాకూ పోతుంది, అమెరికా తరవాత మన సముద్ర ఉత్పత్తులకు పెద్ద కొనుగోలుదారు వాళ్లే. ఆ ఏరేటర్ ఆగిపోయిన రాత్రి తెల్లారేసరికి చెరువు మీద తేలేది మన ఎగుమతే.

"అయితే ఏరేటర్ మనం చేసుకోలేమా?" అన్నాడు.

బిల్ ఆఫ్ ఎంట్రీలో వరుసలు వేలితో చూపించాను. ఇదే దిగుమతిదారు నాలుగేళ్ల కిందట తెప్పించిన బిల్లులో ఏరేటర్లు పూర్తిగా, పెట్టెల్లో సీలు వేసి వచ్చాయి. తరవాత ఏడాది మోటారు మాయమైంది, కోయంబత్తూరు మోటారు బిగిస్తున్నారు. ఇప్పటి బిల్లులో తేలే ప్లాస్టిక్ ఫ్లోట్లు కూడా లేవు, వాటిని ఇక్కడే పోయిస్తున్నారట. మిగిలినవి రెండు వరుసలే: గేర్‌బాక్సులు, వాటి బేరింగులు. కుర్రాడు ఆ రెండు వరుసల విలువ కూడి, పాత బిల్లు విలువ పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు.