అమ్మ నైటింగేల్ ఫొటో అడిగితే ఫిరంగుల దగ్గర ఆగిపోయాను

మా అమ్మ రిటైరయ్యేదాకా నర్సే. లండన్ వెళ్తున్నానంటే, యుద్ధంలో సైనికులకు సేవ చేసిన నర్సు ఫ్లారెన్స్ నైటింగేల్ విగ్రహం దగ్గర ఫొటో దిగి పంపమని ఒకటే పోరు. అక్కడే ఉద్యోగం చేస్తున్న మా బావమరిదిని వెంటబెట్టుకుని పికడిలీ సర్కస్‌లో ట్యూబ్ దిగి, వాటర్లూ ప్లేస్ దాకా నడిచాం. గట్టిగా ఐదారు నిమిషాలు.

దీపంతో ఆవిడ ఒక పక్క, ఆవిడను యుద్ధానికి పంపిన మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఇంకో పక్క. వాళ్ల వెనక ముగ్గురు బ్రిటిష్ గార్డ్స్ దళం సైనికులు, పైన పూలదండలు పట్టుకుని ఒక స్త్రీమూర్తి, అచ్చం మన ఊళ్లో మంత్రిగారి కోసం దండలతో ఎదురుచూస్తున్నట్టు. 1850లలో బ్రిటన్, దాని మిత్రులు రష్యాతో చేసిన క్రిమియా యుద్ధం స్మారకం ఇది, 1861లో కట్టారు. నైటింగేల్ విగ్రహం 1915లో వచ్చింది.

ఫొటో అయిపోయాక "వెనక్కి రా బావా" అన్నాడు మావాడు. వెళ్తే ఫిరంగులు! చక్రాల బళ్లు లేవు, ఒట్టి గొట్టాలే, పేర్చి పెట్టారు. క్రిమియాలోని సెవస్తపోల్ రేవు ముట్టడిలో రష్యన్ల దగ్గర పట్టుకున్నవి. అంతకన్నా నన్ను ఆపేసిందేంటంటే, ముందున్న ఆ ముగ్గురు సైనికులనూ అక్కడ దొరికిన రష్యా ఫిరంగుల కంచు కరిగించే పోతపోశారట. శత్రువు ఫిరంగితో మనవాడి బొమ్మ! పైగా ఆ యుద్ధంలో ఫిరంగి దెబ్బలకన్నా కలరా, విరేచనాలు, టైఫస్ లాంటి రోగాలతో పోయినవాళ్లే ఎక్కువ. మరి దీపం పట్టుకున్నావిడ ముందు, ఫిరంగులు వెనక ఉండడం నాకైతే సబబుగానే అనిపించింది.

గోల్కొండలో పెట్ల బురుజు మీది ఫతే రహబర్ గుర్తొచ్చింది. 1687లో కోట పట్టడానికి ఔరంగజేబు సైన్యం తెచ్చిన ఫిరంగి అది. అక్కడ గెలిచినవాడు తన ఫిరంగి వదిలేసి పోయాడు, ఇక్కడ గెలిచినవాళ్లు ఓడినవాళ్లది మోసుకొచ్చారు.

"ఇంకోటుంది పద" అని మెట్లు దింపి, మాల్ రోడ్డు దాటించి హార్స్ గార్డ్స్ మైదానానికి తీసుకెళ్లాడు. అక్కడ ఇంత పొడుగు తుర్కీ ఫిరంగి, 1524లో చేసింది, 1801లో ఈజిప్టులో బ్రిటిష్ వాళ్లకు చిక్కింది. దాని బండి మీద పిరమిడ్లు, మొసలి బొమ్మలు కూడా చెక్కారు. మావాడు ఆ మొసలితో సెల్ఫీ దిగుతుండగానే వాన అందుకుంది. ఇద్దరికీ గొడుగు లేదు.