మా అమ్మాయి ఆర్కెస్ట్రాలో కూర్చోవడానికి రెండేళ్లు పట్టింది

మా అమ్మాయి ఇంట్లోనే చదువుకుంటుంది. నేనే చెబుతాను. అయినా వారంలో మూడు రోజులు మా ఊరి మిడిల్ స్కూల్‌కి వెళ్లి, అక్కడి పిల్లలతో కలిసి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది. ఈ మాట చెబితే అమెరికాలోని తెలుగువాళ్లు చాలామంది, "అలా కూడా పంపుతారా? స్కూల్ వాళ్లు ఒప్పుకుంటారా?" అని అడుగుతున్నారు. ఒప్పుకుంటారు. మాకు ఎలా కుదిరిందో వివరంగా రాస్తున్నాను, ఒక్క కుటుంబానికి ఉపయోగపడినా చాలు.

మేం ఉండేది పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియాకి పడమర ఉన్న చెస్టర్ కౌంటీలో. నాది విజయనగరం. 2020 సెప్టెంబర్‌లో, కరోనా వల్ల, పాప మూడో తరగతి ల్యాప్‌టాప్‌లోనే మొదలైంది. మూడు వారాలు చూశాం. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్లు ఎర్రబడి, అన్నం తినకుండా పడుకునేది. అప్పుడే ఇంటి చదువుకి మార్చేశాం. స్కూళ్లు తెరిచాక పంపిద్దాం అనుకున్నాం గానీ, ఆ ఏడాదిలో తను పుస్తకాలు చదివిన తీరు చూశాక ఇద్దరికీ మనసు రాలేదు.

ఇంటి చదువు అంటే అడిగేవాళ్లు ఉండరని మనవాళ్లు అనుకుంటారు. పెన్సిల్వేనియాలో అలా కాదు. 1988లో చేసిన చట్టం ప్రకారం ప్రతి ఏడాదీ ఆగస్టు 1 లోపు స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ) సూపరింటెండెంట్‌కి అఫిడవిట్ పంపాలి. ఏ సబ్జెక్టులో ఏం నేర్పబోతున్నామో, టీకాలూ ఆరోగ్య పరీక్షలూ అయ్యాయో లేదో దానికి జతచేయాలి. చదువు చెప్పే తల్లికో తండ్రికో కనీసం హైస్కూల్ చదువు ఉండాలి. నా ఇంటర్ సర్టిఫికెట్ జిరాక్స్ ఆ ఫైల్లోనే పెట్టుకున్నాను. ఏడాదికి 180 రోజులు, లేదా చిన్న తరగతులకైతే 900 గంటలు, పెద్ద తరగతులకైతే 990 గంటలు చదువు జరగాలి. చదివిన పుస్తకాల పేర్లు ఎప్పటికప్పుడు రాసుకోవాలి. 3, 5, 8 తరగతుల్లో బయటివాళ్లు పెట్టే పరీక్ష రాయించాలి. చివర్లో అర్హత ఉన్న టీచర్ ఎవరైనా (ఎవాల్యుయేటర్ అంటారు) పాపతో మాట్లాడి, ఫైలు చూసి, చదువు సరిగ్గా జరుగుతోందని ఇచ్చే ఉత్తరం జూన్ 30 లోపు డిస్ట్రిక్ట్‌కి చేరాలి. ఈ కాగితాలన్నీ వరసగా పెట్టుకోవడం మొదట్లో విసుగనిపించింది. ఆ తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది ఆ ఫైలే.

పాప ఆరేళ్ల వయసు నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టినదాన్ని, నాకు ఆ వాద్యం అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. నేను నేర్చుకోలేకపోయాను. తను నేర్చుకుంటోంది.

2021 మే నెలలో పక్కింటి పాప వాళ్ల స్కూల్ కచేరీకి పిలిచింది. కరోనా వల్ల గ్రౌండ్‌లో, దూరం దూరంగా కుర్చీలు వేసి పెట్టారు. ఇరవై మంది పిల్లలు చాలా తేలికైన పాట ఒకటి వాయించారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, అందరి కమానులూ ఒకేసారి పైకి వెళ్తున్నాయి చూడు" అంది. ఇంటికొచ్చాక కూడా అదే మాట. మన సంగీతంలో తను ఒక్కతే వాయిస్తుంది, లేదా ఎవరైనా పాడుతుంటే వెనక వాయిస్తుంది. పదిమందితో కలిసి ఒకే ఊపిరిగా వాయించడం తనకి తెలియదు. నేను లెక్కలు చెప్పగలను, తెలుగు చెప్పగలను, సైన్స్ కూడా కష్టపడి చెప్పగలను. ఆర్కెస్ట్రాని మాత్రం ఇంట్లో తయారుచేయలేను.

ఆగస్టులో స్కూల్‌కి ఈమెయిల్ రాశాను. రాసేముందు చట్టం చదివాను. 2005లో చేసిన సవరణ ప్రకారం, 2006 జనవరి 1 నుంచి, ఇంట్లో చదివే పిల్లల్ని తాము ఉంటున్న డిస్ట్రిక్ట్‌లోని ఎక్స్‌ట్రా కరిక్యులర్ కార్యక్రమాల్లో చేర్చుకోవాలి. క్లబ్బులు, ఆటలు, నాటకాలు, సంగీత బృందాలు అన్నీ అందులో ఉన్నాయి. స్కూల్ పిల్లలకి ఉన్న అర్హతలే వీళ్లకీ ఉంటాయి. సంగీత బృందాలు అన్న మాట చూసి ఇక పని అయిపోయినట్టే అనుకున్నాను.

పది రోజులకి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. వాళ్ల స్ట్రింగ్స్ ప్రోగ్రాం, అంటే వయొలిన్ లాంటి తీగ వాద్యాల ఆర్కెస్ట్రా, స్కూల్ టైంలోనే జరుగుతుంది, దానికి గ్రేడ్ ఉంటుంది, కాబట్టి అది కరిక్యులంలో భాగమే గానీ ఎక్స్‌ట్రా కరిక్యులర్ కిందికి రాదు. సాయంత్రం జరిగే చెస్ క్లబ్‌లో కావాలంటే చేర్చుకుంటాం అన్నారు. అదే సంగీతం సాయంత్రం నాలుగింటికి జరిగితే చట్టం వర్తిస్తుంది, ఉదయం పదింటికి జరిగితే వర్తించదు. ఫోన్ చేసి మాట్లాడాను. వాళ్ల వాదనలో తప్పు పట్టడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది, చట్టంలో ఆ సందు నిజంగానే ఉంది. ఆ సాయంత్రం పాపకి చెప్పడం మాత్రం చాలా కష్టమైంది. "నేను బాగా వాయించనని అన్నారా?" అని అడిగింది. "నువ్వు వాయించింది వాళ్లు వినలేదు కదమ్మా" అన్నాను.

మా ఆయన ఒకటే మాట అన్నారు: "ప్రతి జులైలో ఇంటి మీద స్కూల్ ట్యాక్స్ కడుతున్నాం కదా, అది చెప్పు." చెప్పాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే అది బలమైన వాదన కాదనిపిస్తుంది. పిల్లలు లేనివాళ్లూ, పిల్లలు పెద్దవాళ్లైపోయినవాళ్లూ కూడా అదే ట్యాక్స్ కడుతున్నారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ల పిల్లలకి హక్కు తక్కువా? పాప ఈ ఊరి పిల్ల, ఆ స్కూల్ ఈ ఊరి స్కూల్. నేను పట్టుకోవాల్సింది ఆ మాట.

ఏడాది గడిచింది. లైబ్రరీలో ఇంటి చదువు కుటుంబాలు వారానికోసారి కలుస్తాయి. 2022 శరదృతువులో అక్కడికి వచ్చే ఒకావిడ నా చేతిలో రెండు ప్రింటు కాగితాలు పెట్టింది. వాళ్ల అబ్బాయికి వెల్డింగ్ నేర్చుకోవాలని ఉంది, అందుకే చట్టాలు వెతికి పెట్టుకుంది. ఆ జులైలో బడ్జెట్‌తో పాటు స్కూల్ చట్టానికి కొన్ని సవరణలు చేశారు, యాక్ట్ 55 అంటారు. దాని ప్రకారం 2023-24 నుంచి ఇంట్లో చదివే పిల్లలకి మరో మూడు తలుపులు తెరిచారు. ఒకటి, స్కూల్ రోజులో నాలుగో వంతు దాకా క్లాసులు తీసుకోవచ్చు. అంటే ఎనిమిది పీరియడ్లుంటే రెండు. రెండు, వృత్తివిద్యా కోర్సుల్లో చేరవచ్చు, వాళ్ల అబ్బాయికి కావాల్సింది అదే. మూడోది చదువుతుంటే నా వేలు ఆ లైను మీదే ఆగిపోయింది. కో కరిక్యులర్ కార్యక్రమాలు, అంటే క్లాసుతో ముడిపడి ఉన్న కార్యక్రమాలు. ఉదాహరణగా బ్యాండ్, ఆర్కెస్ట్రా అని పేరు పెట్టి మరీ రాశారు. ఏడాది క్రితం మాకు అడ్డుపడిన సందు సరిగ్గా అదే.

వెంటనే డిస్ట్రిక్ట్‌కి రాశాను. డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు దీనికి పాలసీ చేశాక చెబుతామన్నారు. అప్పటికి నాకు పాలసీ నంబర్లు కంఠతా వచ్చేశాయి. 137 ఇంటి చదువుకి, 137.1 ఎక్స్‌ట్రా కరిక్యులర్‌కి. కొత్తది 137.2. మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో కూడా బోర్డు పాలసీల కింద చూడండి, పెన్సిల్వేనియాలో చాలాచోట్ల ఇవే నంబర్లు ఉంటాయి. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి, ప్రతి నెలా బోర్డు మీటింగ్ ఎజెండా తెరిచి వెతికేదాన్ని. 2023 మార్చిలో కనిపించింది, ఫస్ట్ రీడింగ్ అని, అంటే పాలసీ ముసాయిదా బోర్డు ముందుకి మొదటిసారి వస్తోందని.

మీటింగ్‌కి వెళ్లాను. ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. పేరు, ఉండే టౌన్‌షిప్ చెప్పాలి. అమెరికా వచ్చి పద్నాలుగేళ్లయినా మైకు ముందు నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు తడారిపోయింది, కాగితం పట్టుకున్న చెయ్యి వణికింది. నేను చెప్పింది ఇంతే: మా అమ్మాయి స్వరాలు ఇంట్లో నేర్చుకోగలదు. పక్క కుర్చీలో పిల్ల తడబడితే ఆగి, తనతో కలిసి మళ్లీ ఎత్తుకోవడం ఇంట్లో నేర్చుకోలేదు. పాలసీలో అర్హతల మాట రాసేటప్పుడు ఇంట్లో చదివే పిల్లలు గ్రేడ్ల బదులు చూపాల్సిన రుజువు ఏదో స్పష్టంగా రాయండి, లేకపోతే ప్రతి స్కూల్ ఒక్కో కాగితం అడుగుతుంది. రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. బోర్డులో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి ఏదో రాసుకున్నారు. మే నెలలో పాలసీ ఆమోదించారు. గ్రేడ్ల బదులు ఎవాల్యుయేటర్ ఉత్తరం చాలని అందులో ఉంది. నా మాట వల్లే అని చెప్పను గానీ, ఆ వాక్యం చదివినప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇక అసలు పని పాపది. ఆరో తరగతి ఆర్కెస్ట్రాకి ఆడిషన్ ఉంది. మన పద్ధతిలో కింద కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి వాయిస్తారు. అక్కడ గడ్డం కింద పెట్టుకోవాలి. శ్రుతి వేరు, తీగలు వేరేలా కట్టాలి, అందుకని నెలకింత అని ఇంకో వయొలిన్ అద్దెకు తెచ్చాం. మొదటి రెండు వారాలు మెడ మీద ఎర్రటి గాటు పడింది. అన్నిటికంటే కష్టం నొటేషన్. ఐదు గీతల మీద చుక్కలు చూసి వాయించడం తనకి బొత్తిగా రాదు. చుక్కల కింద పెన్సిల్‌తో స రి గ మ రాసుకుని మొదలుపెట్టింది, ఆగస్టు వచ్చేసరికి వాటిని చెరిపేసి వాయించింది. ఒకరోజు డి మేజర్ స్కేలు వాయిస్తూ మధ్యలో ఆపి, "అమ్మా, ఇది మన శంకరాభరణమే!" అని అరిచింది. ఆ రోజు నుంచి భయం పోయింది.

ఆడిషన్ రోజు నేను తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. అంతా వినిపించింది. స్కేలు వాయిస్తుంటే మధ్యమం దగ్గర తన వేలు అలవాటుగా కొంచెం ఊగింది. ఆర్కెస్ట్రా టీచర్ ఆపారు. అదేంటని అడిగారు. గమకం అని చెప్పింది. ఇంకోసారి వాయించమన్నారు. వాయించింది. కాసేపు నిశ్శబ్దం. "చాలా బాగుంది. ఇక్కడ మాత్రం స్వరాన్ని నిలబెట్టు, పక్కవాళ్లతో కలవాలి కదా" అన్నారు. మూడో రోజు ఈమెయిల్ వచ్చింది, రెండో వయొలిన్ వరసలో (ముఖ్యమైన స్వరాలు ఎక్కువగా వాయించే మొదటి వయొలిన్లకి తోడు వాయించేవాళ్లు) చోటు ఇచ్చామని.

చేరాక కూడా చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. మొదటి నెలంతా పాప ఆఫీసు దగ్గర ఆగి, పేరు రాసి, విజిటర్ స్టిక్కర్ అంటించుకుని లోపలికి వెళ్లింది. స్కూల్ కంప్యూటర్‌లో చదువుతున్న పిల్లల పేర్లే ఉంటాయి, తనది లేదు. ఇంటికొచ్చాక ఆ స్టిక్కర్ తీసి మడిచి చెత్తబుట్టలో వేసేది. నాకు ఆ మడత చూస్తే బాధేసేది. ఐడీ కార్డు ఇవ్వమని మూడుసార్లు అడిగాను, అక్టోబర్‌లో ఇచ్చారు. డిసెంబర్ కచేరీకి నల్ల బట్టలు వేసుకోవాలన్న మెసేజ్ కూడా స్కూల్ ఆన్‌లైన్ పోర్టల్‌లోనే వెళ్లింది, మాకు రాలేదు. పాప ఎర్ర గౌనులో వెళ్లింది. టీచర్ ఏమీ అనకుండా బీరువాలోంచి నల్ల స్కర్టూ చొక్కా తీసి ఇచ్చారు. అందుకే చెబుతున్నాను, చేరిన మొదటి వారంలోనే టీచర్‌తో మాట్లాడి, విషయాలన్నీ మీ ఈమెయిల్‌కి నేరుగా పంపమనండి. స్కూల్ మొత్తానికీ పంపే మెసేజ్‌ల మీద ఆధారపడకండి. ఏడో తరగతి పిల్లలకి కావాల్సిన టీడ్యాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు రాకుండా వేసేది), మెనింజైటిస్ టీకాల కాగితం, డెంటల్ కాగితం ముందే సిద్ధంగా పెట్టుకోండి. వెళ్లి దింపడం, తీసుకురావడం మేమే చూసుకుంటున్నాం.

ఇంకో సంగతి. ఇదంతా పెన్సిల్వేనియా కథ. పక్కనే న్యూజెర్సీలో ఉన్న మా వదిన వాళ్లకి ఇది హక్కు కాదు, డిస్ట్రిక్ట్ ఇష్టం. న్యూయార్క్‌లో ఇంట్లో చదివే పిల్లలు స్కూల్ టీముల్లో ఆడటానికి లేదు. ఫ్లోరిడాలో 1996 నుంచే చట్టం ఉంది, ఇంట్లో చదువుకుంటూనే పబ్లిక్ హైస్కూల్ టీంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన టిమ్ టీబో అక్కడివాడే. అందుకే ఇలాంటి చట్టాలకి చాలాచోట్ల అతని పేరే వాడతారు. టెక్సస్‌లో 2021లో తెచ్చిన చట్టం డిస్ట్రిక్ట్‌లకే వదిలేసింది. కాబట్టి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న స్నేహితులు చెప్పింది విని ఇక్కడ కుదరదనుకోకండి, నేను చెప్పింది విని అక్కడ కుదురుతుందనీ అనుకోకండి. మీ రాష్ట్రం చట్టం, మీ డిస్ట్రిక్ట్ పాలసీ మీరే తెరిచి చదవండి. ఫోన్‌లో కాదన్నా సరే, అదే మాట ఈమెయిల్‌లో అడిగి తీసుకోండి.

పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. పొద్దున్నే కింద కూర్చుని వర్ణం వాయిస్తుంది, తర్వాత లేచి కుర్చీ మీద కూర్చుని ఆర్కెస్ట్రా వయొలిన్ తీస్తుంది. వచ్చే ఏడాది హైస్కూల్ ఆర్కెస్ట్రాకి మొన్న దరఖాస్తు పంపాను. పాత ఉత్తరాలు, పాలసీ కాపీ, ఎవాల్యుయేటర్ ఉత్తరం అన్నీ జతచేశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఒక్కటే ప్రశ్న అడిగారు: ఆడిషన్ మొదటి వయొలిన్‌కి ఇస్తుందా, రెండో వయొలిన్‌కా?