నీళ్ళకూ తెగులు తగిలిన రోజు

నిన్న సాయంత్రం సీక్వెన్సులు, అంటే వైరస్ జన్యు అక్షరాల వరుసలు, వచ్చాయి. చెరకు పసుపు ఆకు తెగులు వైరస్‌లో మన డెల్టాలో ఎన్ని రకాలు తిరుగుతున్నాయో చూద్దామని థీసిస్ పని మొదలుపెట్టి మూడేళ్ళయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

చెరకుకే వచ్చే మరో వైరస్ తెగులు మొజాయిక్ తీసుకోమన్నారు కొందరు. దాని మీద తిరుపతి పరిశోధకులు 1990ల్లోనే పని చేసి పెట్టారు. పసుపు ఆకు అయితే మా ఇంటి గొడవ. నత్రజని లోపమనుకుని నాన్న రెండేళ్ళు యూరియా మీద యూరియా చల్లాడు. ఆకు అడుగున నడిమి ఈనె పసుపెక్కి, అది రేకుకి పాకి, కొసలు ఎండుతుంటే యూరియా ఏం చేస్తుంది?

ఆకులు కోయడం హాయిగానే సాగింది. తోటలు ముదిరి లక్షణం బయటపడే రోజులు కదా, సంక్రాంతి ముందు తణుకు, పెరవలి, ఉండ్రాజవరం చుట్టూ తిరిగాను. చేపల మార్కెట్లో కొన్న థర్మోకోల్ పెట్టె, దాన్నిండా ఐసు. రైల్లో పక్కావిడ "రొయ్యలా అమ్మా?" అంది. మొదటి విడతలో రేకులు కోసుకొచ్చి తప్పు చేశాను. ఈ వైరస్ ఉండేది ఆహార నాళాల్లోనే, కాబట్టి ఈనె కావాలి. మళ్ళీ తిరిగాను.

ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. చెరకులోంచి దాన్ని తియ్యడమంటే పాకంలోంచి చీమ కాలు ఏరడం. ఆరు నెలలు జిగురే చేతికొచ్చింది. ఆ తర్వాత పీసీఆర్‌లో వైరస్ ముక్కకి నకళ్ళు తీసి జెల్‌లో నడిపితే, ఒకరోజు బ్యాండ్లు పడ్డాయి, అంటే వైరస్ ఉందని చెప్పే గీతలు. ప్రతి ఆకుకీ పడ్డాయి! ఆ ఫోటో పట్టుకుని కమిటీ ముందు నిలబడి, ఇక రకాలు తేల్చడమే మిగిలిందండీ అన్నాను, కాస్త గొప్పగానే. వెనక కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఆ చివరి గడి ఏంటమ్మా?"

"నీళ్ళండి."

"నీళ్ళకి కూడా తెగులొచ్చిందా?"

గదంతా నవ్వు. ఆకు బదులు ఉత్త నీళ్ళు వేసిన గడిలో ఏ బ్యాండూ రాకూడదు. అందులో మసకగా బ్యాండు ఉన్న మాట నిజమే. ప్రైమర్లు (నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒకదానికొకటి అంటుకున్నాయనుకుని వదిలేశాను. "అవైతే అడుగున ఉండాలి. ఇది మిగతా వాటి ఎత్తులోనే ఉంది," అన్నారాయన. పన్నెండు మంది ముందు నాకు నోట మాట రాలేదు. ఆకు వెయ్యని గొట్టంలోనే వైరస్ కనపడితే మిగతా గొట్టాల్లో కనపడినదాన్ని ఎవరు నమ్ముతారు? పైగా నాది రకాలు వెతికే పని. ఒకే చుక్క అన్నిట్లో పడితే డెల్టా అంతా ఒకే రకం అని రాసి సంతకం పెట్టేదాన్ని.

రెండు నెలలు దొంగను వెతికాను. నీళ్ళు మార్చాను, ఎంజైమ్ మార్చాను, బల్ల కడిగాను. చివరికి దొరికింది చుక్కలు కొలిచి పోసే నా పిపెట్. నేను లేనప్పుడు ఒక సీనియర్ దాంతో పీసీఆర్ అయిపోయిన ద్రవం జెల్‌లో పోసేవాడట. ఒక్క చుక్కలో కోట్ల నకళ్ళుంటాయి. పీహెచ్‌డీ అందుకుని ఆయన ఇప్పుడు డాక్టరు గారు. "సారీ" ఇంకా రాలేదు. పిపెట్ కొసకి తొడిగే, ఫిల్టర్ ఉన్న టిప్పులు ముందే వాడి ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ వాటి ఫైలు, కొటేషన్ మీద తేదీ లేదని కొనుగోళ్ళ సెక్షన్ నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. స్టైపెండుతో నేనే కొనుక్కున్నాను. కొత్తగా చేరేవాళ్ళు ఎవరికైనా చెప్పులైనా అప్పివ్వండి గానీ పిపెట్ మాత్రం ఇవ్వకండి.

మళ్ళీ మొదటి ఆకు నుంచి చేశాను. నీళ్ళ గడి బ్యాండు లేకుండా నల్లగా వచ్చిన రోజు ఆ ఒక్క గడినే ఫోటో తీసి నాన్నకి పంపాను. "ఇందులో ఏం లేదేంటమ్మా?" అని ఫోన్ చేశాడు.

సీక్వెన్సింగ్ బయట చేయించాం. పార్శిల్ పంపడం, చూడడం, అంతే. ఈ వైరస్ అసలే అతుకుల బొంత, పాత వైరస్‌ల ముక్కలు కలిసి పుట్టింది. రకాలకి దొరికిన చోటు పేర్లే పెట్టారు: బ్రెజిల్, క్యూబా, పెరూ, రీయూనియన్. మన దేశంలో క్యూబా రకంతో పాటు ఐఎన్‌డీ (ఇండియా) అనే మరో రకం కూడా ఇదివరకే నమోదైంది. రకాల వంశవృక్షంలో నావన్నీ ఒకే కొమ్మ మీద కూర్చోలేదు. మిగతాది థీసిస్‌లో.

రాత్రి పెరవలి బాబాయికి ఫోన్ చేశాను. రకాల సంగతి ఆయనకి పట్టలేదు. "నాటే ముచ్చెల్ని వేడినీళ్ళలో ముంచితే పోదా అమ్మా?" అన్నాడు. గడ్డిదుబ్బు తెగులుకి పనికొస్తుంది గానీ దీనికి పోదు బాబాయ్, కొన మొగ్గ నుంచి టిష్యూకల్చర్‌లో పెంచి, పరీక్ష చేసిన మొక్కలైతేనే నయం, పేనుబంక వాటికి మళ్ళీ అంటించకుండా చూసుకోవాలి అన్నాను. తెగులున్న తన తోటలోంచే ఆదివారం విత్తనానికి కొట్టిస్తున్నాడట. శనివారం బండెక్కుతున్నా.