తొలి సంతకం, ఆ తరువాతి లెక్క

ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వెంటనే వేదిక మీదికే ఫైలు తెప్పించి, జనం చూస్తుండగా సంతకం పెట్టడం మన రాజకీయాల్లో ఒక ఆనవాయితీగా స్థిరపడిపోయింది. హైదరాబాదులో దానికి లాల్ బహదూర్ స్టేడియం పెట్టింది పేరు. 1994 డిసెంబరులో నందమూరి తారక రామారావు మద్యనిషేధం ఫైలు మీద, 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ఆరు గ్యారంటీల ఫైలు మీద ఇలాగే సంతకాలు చేశారు. పార్టీలు వేరైనా, కాలాలు వేరైనా, ఈ ఫైళ్లన్నింటిలోనూ ఒక కాగితం లోపిస్తూనే ఉంది. ఈ నిర్ణయం ఖర్చును ఎవరు, ఎన్నేళ్లపాటు, దేనిని తగ్గించుకుని భరిస్తారో చెప్పే కాగితం అది. కష్టకాలంలో ప్రభుత్వాలు ఎలా నడుచుకుంటాయన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి 2004 దాకా జరిగిన కథే ముందుగా గుర్తుకు వస్తుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అక్షరాస్యతా కార్యక్రమంలో రాత్రి బడికి వచ్చి చదువు నేర్చుకున్న ఆ కూలి మహిళలు, కూలి డబ్బు ఇంటికి చేరకుండా ఎక్కడ ఆగిపోతున్నదో కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కడ రాజుకున్న ఉద్యమం ఊరూరా పాకింది. సారా వేలంపాటలు జరగకుండా మహిళలే అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. మరుసటి ఏడాది ఎన్నికల్లో తెలుగుదేశం సంపూర్ణ నిషేధాన్ని వాగ్దానం చేసి గెలిచింది. ఎన్.టి.ఆర్. తొలి హయాములో ప్యాకెట్ సారాను సరఫరా చేసింది ప్రభుత్వమేనన్న సంగతిని ఆ ఊపులో ఎవరూ పెద్దగా తలచుకోలేదు.

ఆ మహిళలు అడిగినది న్యాయమైనదే కాక, లోతైనది కూడా. కూలివాడి జేబులోంచి సారా దుకాణానికి, అక్కడి నుంచి ఎక్సైజ్ పద్దు కింద ఖజానాకు చేరే డబ్బుతోనే ప్రభుత్వం బడులూ ఆసుపత్రులూ నడుపుతోంది. దానిని ఆపమనడమంటే పేదవాడి మీద మోపిన పన్నును ఎత్తివేయమని అడగడమే. అలాంటప్పుడు ఆ పన్నును ఇక మీద ఎవరి నుంచి, ఏ రూపంలో రాబట్టాలన్నది శాసనసభలో నెలల తరబడి చర్చకు రావలసిన విషయం. అటువంటి చర్చేమీ లేకుండానే 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమలులోకి వచ్చింది. అదే ఊపులో కిలో బియ్యం ధర మళ్లీ రెండు రూపాయలకు దిగింది, వ్యవసాయ విద్యుత్తుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి యాభై రూపాయల శ్లాబు, అంటే వాడకంతో నిమిత్తం లేని స్థిర ఛార్జీ, వచ్చింది. ఒక రాబడి పోయిన ఏడాదిలోనే రెండు ఖర్చులు పెరిగాయి. రాష్ట్ర ప్రభుత్వం నోట్లు ముద్రించుకోలేదు. కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం, రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా కొత్త అప్పు కూడా తెచ్చుకోలేదు. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగచాటుగా వచ్చే సరుకు ఒకవైపు, వట్టిపోతున్న ఖజానా మరొకవైపు ఉండగా ఆ నిషేధం ఎంతోకాలం నిలుస్తుందని నాకు అప్పుడూ అనిపించలేదు.

1995 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడు మరుసటి ఏడాది ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రాలు విడుదల చేశారు. ఇది మెచ్చుకోవలసిన పని. జీతాలకు ఎంత, వడ్డీలకు ఎంత, రాయితీలకు ఎంత అన్నది ఊళ్లలో సభలు పెట్టి చర్చించడం అంతకు ముందు మన దగ్గర లేదు. అయితే ఆ చర్చలో ఏ రాయితీని ఎంత కోయాలన్నదే మిగిలింది, ఎవరి నుంచి అదనంగా రాబట్టాలన్న ప్రశ్నకు చోటు దొరకలేదు. బియ్యం మూడున్నర రూపాయలైంది, మోటార్ల శ్లాబు పెరిగింది, 1997 ఏప్రిల్‌లో నిషేధాన్ని సడలించారు. వేలంపాటలు ఆపిన మహిళలను పిలిచి, ఈ నిషేధాన్ని ఎందుకు ఎత్తివేయవలసి వస్తున్నదో వారి ముందు లెక్క విప్పిన దాఖలా నాకెక్కడా కనిపించలేదు. ఇప్పుడు జీఎస్టీ వచ్చాక, దాని పరిధిలోకి రాని మద్యం, పెట్రోలు, డీజిలు మీద రాష్ట్రాలు ఇంకా గట్టిగా ఆధారపడుతున్నాయి కనుక ఆ ప్రశ్న ఎత్తే ధైర్యం ఏ పార్టీకీ లేదు.

ఆ తరువాత వంతు విద్యుత్తుది. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది, ప్రపంచ బ్యాంకు రుణం వచ్చింది, 1999లో విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోలుగా విడదీసి, ఛార్జీలు నిర్ణయించడానికి నియంత్రణ మండలిని ఏర్పాటు చేశారు. బోర్డు నష్టాల్లో ఉన్న మాట నిజం. అందులో ఒక కిటుకు కూడా ఉంది. పంపుసెట్లకు మీటర్లు లేవు కాబట్టి వ్యవసాయ వాడకం ఎంతో అంచనాగా రాసేవారు. లైన్లలో పోయినది, పట్టణాల్లో దొంగిలించినది కొంత ఆ అంచనాలో కలిసిపోయి, రైతు పద్దులో తేలేది. ఆ దొంగలెక్కను ముందు సరిచేసి, ఆ తరువాత జనం దగ్గరికి వెళ్లి ఉంటే కథ మరోలా ఉండేదేమో. 2000వ సంవత్సరంలో ముందుగా పెరిగింది ఇళ్ల బిల్లు. అప్పట్లో నేను హిమాయత్‌నగర్‌లో అద్దెకుండేవాడిని. ఎన్నడూ ఏ ఊరేగింపులోనూ కాలు కదపని మధ్యతరగతి వాళ్లు వామపక్షాల ధర్నాల దగ్గర ఆగి వినడం అప్పుడే చూశాను. ఆగస్టు 28న అసెంబ్లీ వైపు బయలుదేరిన ప్రదర్శకుల మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. మన వాళ్లకు ఇప్పటికీ విద్యుత్ సంస్కరణలంటే మొదట స్ఫురించేది ఆ రోజే.

నాలుగేళ్ల తరువాత, ఆ కూడలికి కూతవేటు దూరంలోని స్టేడియంలో, ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం జరిగింది. దీనిని ఓట్ల ఎరగా మాత్రమే చూసేవారితో నేను ఏకీభవించను. కాలువ కింది రైతుకు ప్రభుత్వం కట్టిన ప్రాజెక్టు నుంచి నామమాత్రపు నీటి తీరువాకు నీళ్లు వస్తాయి. మెట్ట ప్రాంతపు రైతు మాత్రం సొంత అప్పుతో బోరు వేసి, నీళ్లు పడకపోతే మరో బోరు వేసి, మోటారు కొనుక్కుని, ఆ పైన కరెంటు బిల్లు కట్టాలి. ఈ తేడాను ఉచిత విద్యుత్తు కొంతవరకు సరిచేసింది. అయితే రెండు మూడు మోటార్లున్న ఆసామికీ, ఒక్క మోటారున్న సన్నకారు రైతుకూ అదే సూత్రం వర్తించడం మాత్రం నాకు మింగుడుపడదు.

2003 నాటి విద్యుత్ చట్టంలో 65వ సెక్షన్ అని ఒకటుంది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలచుకున్న రాష్ట్ర ప్రభుత్వం ఆ మొత్తాన్ని పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలని అది చెబుతుంది. తొలి సంతకానికి జత కావలసిన రెండో కాగితం చట్టంలో ఇప్పటికే ఉందన్నమాట. ఆచరణలో అది పూర్తిగా అమలైతే డిస్కంలు, అంటే ఈ పంపిణీ సంస్థలు, ఇన్ని అప్పుల్లో ఎందుకుంటాయి?

2023 డిసెంబరులో తెలంగాణ కొత్త ప్రభుత్వం శాసనసభలో శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పు 6,71,757 కోట్ల రూపాయలంది. నాలుగు రోజుల్లో ప్రతిపక్షం ‘స్వేదపత్రం’ పేరుతో తన లెక్క చెప్పింది. రెండింటిలోనూ ఎదుటివారి తప్పులే ఎక్కువగా కనిపించాయి, రాబోయే ఐదేళ్ల భారం ఎవరిదో వెతికితే పెద్దగా దొరకలేదు.

ఇంతకంటే మెరుగైన పద్ధతి మన దగ్గర లేదా అంటే, ఉంది. రెడ్‌హిల్స్‌లో జరిగిన విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణకు ఒకసారి వెళ్లాను. డిస్కంల ఆదాయ వ్యయాల అంచనాల మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, వచ్చి మాట్లాడవచ్చు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరు మీద మరమ్మతుకు తీసుకెళ్లే ఖర్చు రైతే ఎందుకు పెట్టుకోవాలని ఒక పెద్దమనిషి అడిగితే, అధికారులు లేచి జవాబు చెప్పవలసి వచ్చింది. మండలి ఉత్తర్వుల్లో అభ్యంతరం, దానికి సంస్థ సమాధానం, మండలి అభిప్రాయం ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. రాష్ట్ర బడ్జెట్‌ను సభలో పెట్టే ముందు, కనీసం వెయ్యి కోట్లు దాటే ప్రతి కొత్త పథకం మీదా ఇటువంటి విచారణ జరిపించి, ఆ జవాబులను అచ్చువేయించడానికి రాజ్యాంగంలో అడ్డేమీ లేదు.