కార్డులు తారుమారైన రెండు కడ్డీలు

రెండు 50 గ్రాముల బంగారు కడ్డీలను అప్పజెప్పి, వాటి స్థానంలో ఒక 100 గ్రాముల కడ్డీ తీసుకుందామని నిన్న బులియన్ దుకాణానికి, అంటే బంగారు కడ్డీలు కొని అమ్మే చోటికి, వెళ్లాను. అరగంటలో తేలిపోవలసిన ఆ పనికి మూడు గంటలు పట్టింది. అందుకు కారణం నేనే అయినా, అక్కడ నన్ను చూసిన చూపులు మాత్రం ఇంకా మనసులోంచి పోలేదు.

ఆ కడ్డీలు కొన్నప్పుడు రిఫైనరీని, అంటే బంగారాన్ని శుద్ధిచేసి కడ్డీలు పోసే సంస్థను, ఎంచుకోవడంలో నేను పెద్దగా ఇబ్బంది పడలేదు. లండన్ బులియన్ మార్కెట్ అసోసియేషన్, అంటే వ్యాపారులు ఎల్‌బీఎంఏ అని పిలిచే సంస్థ, తన పరీక్షల్లో నెగ్గిన రిఫైనరీల పేర్లతో ‘గుడ్ డెలివరీ’ జాబితాను నిర్వహిస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన పాంప్, వాల్కాంబి, ఆర్గోర్-హెరాయస్, మెటలోర్, దక్షిణాఫ్రికాలోని రాండ్ రిఫైనరీ, ఆస్ట్రేలియాలోని పెర్త్ మింట్ వంటి పేర్లు ఏ బులియన్ వ్యాపారికైనా కంఠతా వచ్చినవే. నేను ఆ కోవలోని ఒక సంస్థ కడ్డీలనే కొన్నాను. జాబితాను మాత్రం కొనే రోజున మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. 2022 మార్చిలో ఆరు రష్యా రిఫైనరీలను ఒకేసారి పక్కనపెట్టారు, అయితే అంతకుముందు అవి తయారుచేసిన కడ్డీల చెల్లుబాటును తీసివేయలేదు.

ఇక్కడ అమ్మకందారులపై నాకున్న అక్కసు కూడా చెప్పుకోవాలి. చిన్న బిస్కెట్టును చేతిలో పెట్టి ‘ఇది గుడ్ డెలివరీ కడ్డీ’ అనేవారు కనీసం ముగ్గురు తగిలారు. ఆ ప్రమాణం 350 నుంచి 430 ట్రాయ్ ఔన్సుల (ఒక్కో ఔన్సు సుమారు 31.1 గ్రాములు) మేలిమి బంగారం ఉండే పెద్ద కడ్డీలకు వర్తిస్తుంది. వాటిలో వెయ్యికి 995 పాళ్లకు తగ్గని శుద్ధత ఉండాలి, రిఫైనరీ ముద్ర, సీరియల్ సంఖ్య, తయారీ సంవత్సరం ఉండాలి. ఒంటి చేత్తో ఎత్తడానికే కష్టమైన ఆ పన్నెండు కిలోల ముద్దకూ, అరచేతిలో ఇమిడే 50 గ్రాముల రేకుకూ పోలిక ఎక్కడిది? చిన్న కడ్డీకి వచ్చేది దాన్ని చేసిన సంస్థ పేరు ప్రతిష్ఠ మాత్రమే. ఈ తేడా చెప్పని దుకాణంలో నేనైతే కొనను.

ఇక నా నిర్వాకం. కొన్న నెలకే నాకు పరీక్షించాలన్న పురుగు తొలిచింది. ఒక్కో కడ్డీ సీరియల్ సంఖ్యను ముద్రించి, దాన్ని లోపల బిగించిన కార్డులాంటి ప్లాస్టిక్ సీలును బ్లేడుతో కోసి రెండు కడ్డీలనూ బయటికి తీశాను. గ్రాములో నూరో వంతు చూపే తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి, కడ్డీని దారంతో వేలాడదీసి ముంచాను. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.32 గ్రాములు కనుక 50 గ్రాముల కడ్డీ పక్కకు నెట్టే నీటి బరువంత, అంటే 2.59 గ్రాములు, తూకం పెరగాలి. సరిగ్గా అంతే పెరిగింది. రెండోదానికీ అంతే. ఆ సంబరంలో వాటిని తుడిచి, కార్డుల్లో పెట్టి, అంచులకు టేపు అంటించి బీరువాలో దాచాను. ఏది ఏ కార్డులోంచి వచ్చిందో చూసుకోలేదు.

నిన్న కౌంటరు దగ్గర కూర్చున్న పెద్దాయన ముందుగా టేపును చూశారు, ఏమీ అనలేదు. భూతద్దంతో కడ్డీ మీది సంఖ్యను, తర్వాత కార్డు మీది సంఖ్యను చదివారు. చివరి రెండు అంకెలు కలవలేదు. రెండోదాన్ని చూశారు, అదీ కలవలేదు. ‘ఇవి మీకు ఎక్కడివండీ?’ అని మెల్లగా అడిగారు. పక్కనున్న వారు ఇటు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ‘బంగారం అసలైనదే కదండీ, అంకెలతో ఏం పని? నేనే నీళ్లలో ముంచి పరీక్షించాను’ అని బింకంగా అన్నాను.

ఆయన కోప్పడలేదు, అదే నన్ను ఇంకా చిన్నబుచ్చింది. టంగ్‌స్టన్ అనే చవక లోహం సాంద్రత 19.25 అని, దాని మీద బంగారు పూత వేసిన 50 గ్రాముల ముక్క నా తూకం మీద 2.60 చూపుతుందని, దారానికి అంటుకున్న ఒక్క గాలి బుడగ చాలు ఆ తేడాను కప్పేయడానికని చెప్పారు. ఇక అంకెల సంగతికి వస్తే, స్విస్ రిఫైనరీల దొంగ ముద్రలతో కిలో కడ్డీలు చలామణీలోకి వచ్చాయని 2019లో బయటపడిందని, వాటిలో ఉన్నది మంచి బంగారమేనని, మూలం చెప్పుకోలేని సరుకును మార్కెట్లోకి తోయడానికే ఆ ముద్రలు వేశారని గుర్తుచేశారు. బంగారం నిజమైనా కడ్డీ అబద్ధం కావచ్చునన్న సంగతి నా బుర్రకు అప్పటిదాకా తట్టనే లేదు.

కడ్డీలను కార్డుల మధ్య అటూ ఇటూ మార్చి చూస్తే అంకెలు కలిశాయి. అయినా తెరిచిన సీలు కనుక పరీక్ష తప్పలేదు. లోహాలను పరీక్షించే ఎక్స్‌రే యంత్రం ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి, లోపలి లోహపు విద్యుత్ వాహకతను కొలిచే మరో పరికరం పెట్టారు. బంగారం టంగ్‌స్టన్ కంటే రెండింతలకు పైగా విద్యుత్తును ప్రసారం చేస్తుంది కనుక అక్కడ మోసం దాగదు. రెండూ నెగ్గాయి. సీలు లేనందుకు ధరలో కోత మాత్రం పడింది. బేరమాడే ముఖం నాకు లేదు.

కొత్త 100 గ్రాముల కడ్డీని నా ముందుంచినప్పుడు, దాని మీది సంఖ్యనూ కార్డు మీది సంఖ్యనూ భూతద్దం అడిగి తీసుకుని నేనే పైకి చదివాను. పెద్దాయన రసీదు మీద ఆ సంఖ్యను రాస్తూ, ‘సీలు ఉందండీ, బ్లేడు ఇవ్వమంటారా?’ అన్నారు.