మాట్లాడేది బారిస్టర్లేనా?

స్వాతంత్ర్యోద్యమం మీద తీసిన ఒక సిరీస్ రాత్రి పూర్తి చేశాను. ఖర్చు బాగానే పెట్టారు, బట్టలు, రైళ్లు, లాంతర్లు అన్నీ ఆ కాలానివే అనిపించాయి, కానీ డైలాగులన్నీ బారిస్టర్లవే, మిగతా దేశమంతా జెండా పట్టుకుని ఒక నినాదం ఇచ్చేసి తెర మీంచి వెళ్లిపోతుంది. ఆడవాళ్లకైతే గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకోవడమే పని.

రాజ్యాంగ సభలో 15 మంది మహిళలున్నారు కదా! వాళ్లలో ఒకే ఒక్క దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్. అదే సభలో ఆదివాసీల తరఫున గట్టిగా మాట్లాడిన జైపాల్ సింగ్ ముండా 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. ఇంతకంటే సినిమాటిక్ జీవితం ఎక్కడ దొరుకుతుందండీ? 1943లో సింగపూర్‌లో మొదలైన, నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లోని మహిళా దళం ఝాన్సీ రాణి రెజిమెంట్‌లో మలయా రబ్బరు తోటల కూలీల ఇళ్ల నుంచి వచ్చిన తమిళ అమ్మాయిలు చాలామంది, వాళ్లెవరూ ఝాన్సీని చూసి కూడా ఉండరు.

మన తెలుగువాళ్లమేమైనా తక్కువా? రంప తిరుగుబాటు అనగానే తెర మీద అల్లూరి ఒక్కరే, ఆయనతో కలిసి పోరాడిన గాం గంటందొర, మల్లుదొర మాత్రం పక్కన విల్లు పట్టుకుని నిలబడేవాళ్లే. మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడని ఎంతమంది చెప్పగలరు?

"అన్ని కులాలనీ ఇరికిస్తే కథ పాడవుతుంది" అని ఒక ఫ్రెండ్ అన్నాడు. ఇరికించడం ఏంటి, వాళ్లు అక్కడే ఉన్నారు, తీసేసింది రైటర్లు.